స్టాంపు కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన పరిహారం పోదు

పాఠకుల ప్రశ్నలు – న్యాయ సలహా

పాత కార్మిక చట్టాల బదులు తెచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చినప్పటి నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారింది. పాత చట్టం పోయింది కాబట్టి తమ కేసు కూడా పోయిందని కొందరు భయపడుతున్నారు. కొత్త చట్టం వచ్చింది కాబట్టి పాత ప్రమాదానికి కూడా కొత్త లెక్క కడతారని మరికొందరు ఆశపడుతున్నారు. రెండూ నిజం కావు. ఈ సంచికలో విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి వచ్చిన కొన్ని ఉత్తరాలకు జవాబులు ఇస్తున్నాను. రాసినవారి పేర్లు, ఊళ్లు, సంస్థల పేర్లు తొలగించాము.

ప్రశ్న: మాది గుంటూరు పక్కన పల్లె. మా ఆయన ఆరేళ్లుగా పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తున్నాడు. వయసు 35, నెలకు 14,000 రూపాయలు. 2024 డిసెంబరులో రోలర్ల మధ్య ఇరుక్కున్న పత్తిని లాగబోతే కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. ఆసుపత్రి ఖర్చంతా యజమానే పెట్టుకున్నారు. తరవాత లక్ష రూపాయలు చేతిలో పెట్టి, ‘ఇక నాకు ఏ హక్కూ లేదు’ అని స్టాంపు కాగితం మీద సంతకం చేయించుకున్నారు. మిషను ఆపకుండా చెయ్యి పెట్టడం మీ ఆయన తప్పే అంటున్నారు. ఇప్పుడు పనిలోకి కూడా రానివ్వడం లేదు. ఈఎస్‌ఐ (కార్మిక రాజ్య బీమా) కార్డు లేదు. మేము ఇంకా ఏమైనా అడగవచ్చా?

జవాబు: అడగవచ్చునమ్మా. లక్ష రూపాయలతో తీరే బాకీ కాదు ఇది. ముందుగా ఆ స్టాంపు కాగితం సంగతి చూద్దాం. మీ ఆయనకు ప్రమాదం జరిగింది 2024 డిసెంబరులో కాబట్టి ఆయనకు వర్తించేది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టమే. పరిహారం లెక్కకు ప్రమాదం జరిగిన రోజు అమల్లో ఉన్న చట్టాన్నే చూడాలని కేరళ విద్యుత్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1999లోనే స్పష్టం చేసింది. ఆ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, కార్మికుడు తన పరిహారపు హక్కును వదులుకుంటున్నట్టు రాసిచ్చే ఏ ఒప్పందమైనా చెల్లదు. వంద రూపాయల స్టాంపు మీద రాసినా, నోటరీ ముందు రాసినా, ఊరి పెద్దమనుషుల ఎదుట వేలిముద్ర వేసినా అంతే. ఇద్దరూ నిజంగానే ఒక మొత్తానికి ఒప్పుకున్నారనుకున్నా, ఆ ఒప్పందాన్ని పరిహారం కేసులు తేల్చే కార్మిక శాఖ కమిషనర్‌కు పంపి నమోదు చేయించాలి. ఆయన ఆ మొత్తం న్యాయంగా ఉందో లేదో చూసి, చాలదనుకుంటే నమోదుకు నిరాకరించవచ్చు. అలా పంపని యజమాని పూర్తి పరిహారానికి బాధ్యుడవుతాడు. పైగా కమిషనర్ వేరుగా ఆదేశిస్తే తప్ప, తాను ఇచ్చిన సొమ్ములో సగానికి మించి మినహాయించుకోవడానికి కూడా వీలుండదని 29వ సెక్షన్ చెబుతోంది. అంటే మీకిచ్చిన లక్షలో 50,000 రూపాయలకు మించి ఆయన లెక్కలో తగ్గించుకోలేరు. ఆసుపత్రికి కట్టిన బిల్లులను పరిహారం కింద జమ వేసుకోవడం అసలు కుదరదు. వైద్యం ఖర్చు వేరు, పరిహారం వేరు అని చట్టంలోనే ఉంది.

ఇక ఎంత వస్తుంది? శాశ్వత పూర్తి వైకల్యానికి నెల వేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. 35 ఏళ్లకు ఆ గుణకం 197.06. మీ ఆయన వేతనంలో 60 శాతం 8,400 రూపాయలు. హెచ్చిస్తే 16,55,304 అవుతుంది. ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమని చట్టం మొదటి షెడ్యూలు నిర్ణయించింది కాబట్టి ఆ మొత్తంలో 30 శాతం, అంటే సుమారు 4,96,591 రూపాయలు, కనీసంగా రావాలి. కనీసంగా అని ఎందుకన్నానంటే, షెడ్యూలులో ఉన్న శాతమే ప్రతి పనివాడి విషయంలోనూ ఆఖరి మాట కాదు. మోచేతికి పైన ఎడమ చెయ్యి తీసేసిన ఒక వడ్రంగి ఇక వడ్రంగం చేయలేడు కాబట్టి అతనికి నూటికి నూరు శాతం నష్టం జరిగినట్టేనని సుప్రీంకోర్టు 1975లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో తీర్పు చెప్పింది. మీ ఆయనది కూడా చేతిపని, పోయినవి కుడిచేతి వేళ్లు. పాత పని చేయలేని స్థితి ఉందని వైద్యుడు సాక్ష్యం చెబితే 30 శాతాన్ని మించి అడగడానికి ఆస్కారం ఉంది. పరిహారం ప్రమాదం జరిగిన నాడే బాకీ పడుతుందని చెప్పింది కూడా ఆ తీర్పే. నెలలోగా చెల్లించని యజమాని మీద ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. ఆలస్యానికి తగిన కారణం చూపలేకపోతే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా కమిషనర్ వేయవచ్చు.

ఈఎస్‌ఐ కార్డు లేదని మీరు రాసిన మాట మీదే ఈ జవాబంతా నిలబడి ఉంది కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. మామూలుగా పదిమంది లేదా అంతకు మించి పనిచేసే కర్మాగారంలో 21,000 రూపాయల దాకా జీతం ఉన్న ప్రతి ఒక్కరూ ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. అలా వచ్చినవారు కమిషనర్ దగ్గర పరిహారం అడగడానికి వీల్లేదు. వారికి ఈఎస్‌ఐ నుంచే వైకల్యానికి తగిన నిష్పత్తిలో జీవితాంతం నెలనెలా సొమ్ము వస్తుంది. అయితే పత్తి జిన్నింగు, ప్రెస్సింగు మాత్రమే చేసే మిల్లులను ఈఎస్‌ఐ చట్టం ‘సీజనల్ ఫ్యాక్టరీలు’గా చూసి మినహాయించింది. గుంటూరు చుట్టూ ఇన్ని జిన్నింగు మిల్లులు ఉన్నా, వాటిలో పనిచేసేవారి చేతిలో ఈఎస్‌ఐ కార్డు కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం. ఆ మినహాయింపు వల్లనే మీకు కమిషనర్ దారి తెరిచి ఉంది. కానీ అదే ఆవరణలో గింజల నుంచి నూనె తీసే పని కూడా ఏడాది పొడుగునా జరుగుతుంటే, అది జిన్నింగు మాత్రమే చేసే మిల్లు కాదని ఎదుటి పక్షం వాదించి కేసును ఈఎస్‌ఐ వైపు తిప్పే ప్రయత్నం చేయవచ్చు. దరఖాస్తు రాయించే ముందు ఈ సంగతి మీ వకీలుకు తప్పక చెప్పండి.

‘తప్పు మీ ఆయనదే’ అన్న మాటకు చట్టంలో బలం చాలా తక్కువ. ఈ చట్టం కింద పరిహారం రావడానికి యజమాని తప్పు చేశాడని మీరు రుజువు చేయనక్కర్లేదు. పనిలో ఉండగా, పని వల్ల గాయమైందని చూపితే చాలు. కార్మికుడి అజాగ్రత్త పరిహారాన్ని పోగొట్టదు. తాగి పనిచేయడమో, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించడమో, రక్షణ కవచాన్ని కావాలని తీసేయడమో జరిగితేనే యజమాని తప్పించుకోగలడు, దాన్ని రుజువు చేసే భారం కూడా ఆయనదే. రోలర్ల ముందు గార్డు ఉందా, పత్తి ఇరుక్కుంటే మిషను ఆపి తీయాలన్న నియమం ఎక్కడైనా రాసిపెట్టారా, ఆపితే ‘ఉత్పత్తి పోయింది’ అని మేస్త్రీ కేకలు వేసేవాడా – విచారణలో తేలేవి ఇవే. తిరిగే యంత్రాల ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలని అప్పుడు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. పత్తి ప్రెస్సింగు జరిగే చోట దూది విప్పే యంత్రం దగ్గర స్త్రీలను, పిల్లలను పనిలో పెట్టకూడదని ఆ చట్టంలో ఒక ప్రత్యేక సెక్షనే ఉండేది. పత్తి యంత్రం చేతిని ఎలా లాగుతుందో ఆ చట్టం రాసినవారికి బాగా తెలుసు.

దరఖాస్తు ఇవ్వాల్సింది కార్మిక శాఖలో కమిషనర్ అధికారాలున్న అధికారికి. ప్రమాదం జరిగిన చోట గానీ, మీరు ఉండే చోట గానీ ఇవ్వవచ్చు. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు ఇవ్వాలి కాబట్టి మీకు 2026 డిసెంబరు దాకా గడువుంది. అయినా అందాకా ఆగకండి. ఆసుపత్రి కేస్ షీటు నకలు, పోలీసులకు ఆసుపత్రి పంపిన సమాచారం నకలు, ఎక్స్‌రేలు తెచ్చుకోండి. సదరం సర్టిఫికెట్ ఉంటే పెట్టండి గానీ, అందులో ఉండే వైకల్య శాతం వేరు, సంపాదన శక్తిలో నష్టపు శాతం వేరు అన్నది గుర్తుంచుకోండి. వేతనం 14,000 అనడానికి చీటీ లేదని దిగులు పడకండి. చాలా ఏళ్ల కిందట ఒక కేసులో మిల్లు వాళ్లు ‘ఇతను మా మనిషే కాడు’ అన్నారు. అతని భార్య ఇంటి గోడకున్న క్యాలెండరును చుట్టి సంచిలో పెట్టుకుని విచారణకు తెచ్చింది. ప్రతి శనివారం గడిలో ఆ వారం చేతికొచ్చిన కూలి నీలం బాల్‌పెన్నుతో రాసి ఉంది, రాని వారం దగ్గర సున్నా చుట్టి ఉంది. మిల్లు లారీ డ్రైవరుకు ఇచ్చిన అప్పు పదిహేను వందలు కూడా అందులోనే రాసుకుంది. ఆ పదిహేను వందల గురించి అడ్డుప్రశ్నల్లో అడిగినప్పుడు ఆమె చెప్పిన జవాబుతోనే అతను ఆ మిల్లు మనిషేనని తేలిపోయింది. మీ ఇంట్లో కూడా అలాంటి కాగితం ఏదో ఒకటి ఉంటుంది, వెతకండి.

ప్రశ్న: మా వారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ఫిట్టరు. మొత్తం ఎనిమిది మంది పనివాళ్లు, ఈఎస్‌ఐ లేదు. వయసు 45, జీతం 18,000. 2025 సెప్టెంబరులో ఉదయం ఆరు గంటల షిఫ్టుకు తాడేపల్లి నుంచి బైకు మీద వెళుతూ, కనకదుర్గ వారధి దాటాక లారీ ఢీకొని చనిపోయారు. లారీ నంబరు ఎఫ్ఐఆర్‌లో ఉంది. ‘రోడ్డు మీద జరిగినదానికి నా షెడ్డుకు సంబంధం లేదు’ అంటున్నారు యజమాని. నాకు ఇద్దరు పిల్లలు, అత్తగారు ఉన్నారు.

జవాబు: యజమాని అన్న మాట 2025 జూలైకి ముందైతే చాలా కేసుల్లో నెగ్గేది. ఇప్పుడు నెగ్గదు. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాన్ని పనిలో జరిగినట్టుగా చూడాలని ఈఎస్‌ఐ చట్టంలో 2010లోనే చేర్చారు గానీ, 1923 చట్టంలో ఆ మాట లేదు. ఆ లోటును సుప్రీంకోర్టు 2025 జూలై 29న ఇచ్చిన తీర్పుతో పూడ్చింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ వాచ్‌మన్ 2003 ఏప్రిల్‌లో తెల్లవారుజామున మూడు గంటల షిఫ్టుకు మోటారు సైకిలు మీద బయలుదేరి, ఫ్యాక్టరీకి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ప్రమాదంలో చనిపోయాడు. కమిషనర్ పరిహారం ఇచ్చారు, హైకోర్టు కొట్టేసింది, 22 ఏళ్ల తరవాత సుప్రీంకోర్టు మళ్లీ ఇప్పించింది. ప్రమాదం జరిగిన సమయం, స్థలం, పరిస్థితులు ఉద్యోగంతో ముడిపడి ఉన్నాయని తేలితే, దారిలో జరిగినదీ ఉద్యోగ క్రమంలో జరిగినట్టేనని అందులో చెప్పింది. నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో ఈ మాట చట్టంగానే ఉంది. మీ వారి ప్రమాదం అంతకు ముందుదే అయినా ఆ తీర్పు వర్తిస్తుంది. ఆరు గంటల షిఫ్టు, తాడేపల్లి నుంచి ఆటోనగర్‌కు వెళ్లే తిన్నని దారి, అందుకు సరిపోయే సమయం ఉన్నప్పుడు ఆ ముడి గట్టిగానే ఉన్నట్టు. మధ్యలో బంధువుల ఇంట్లో రెండు గంటలు కూర్చుని బయలుదేరి ఉంటే మాత్రం అది తెగిపోయిందని వాదించేవారు. కాబట్టి షిఫ్టు ఆరింటికేనని చెప్పగల తోటి పనివారి వాఙ్మూలం ముఖ్యం.

కానీ తొందరపడి కమిషనర్ దగ్గర దరఖాస్తు వేయకండి. ముందు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. మరణానికి 1923 చట్టం కింద నెల వేతనంలో సగాన్ని గుణకంతో హెచ్చిస్తారు. జీతం ఎంత ఉన్నా, 2020 జనవరి నుంచి 15,000 రూపాయల దాకానే లెక్కలోకి తీసుకుంటారు. 45 ఏళ్లకు గుణకం 169.44. అంటే 7,500ను దానితో హెచ్చిస్తే 12,70,800 రూపాయలు. దీనికి అంత్యక్రియల ఖర్చు 5,000, వడ్డీ కలుస్తాయి. ఇక లారీ డ్రైవరు నిర్లక్ష్యం వల్లనే ప్రమాదం జరిగిందని రుజువు చేయగలిగితే మోటారు ప్రమాద ట్రిబ్యునల్‌లో లెక్క వేరు. అక్కడ జీతానికి పరిమితి లేదు. ఏడాదికి 2,16,000 మీద, స్థిర వేతనం మీద పనిచేసే 40–50 ఏళ్ల వారికి భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలిపి, ఆధారపడినవారు నలుగురు కాబట్టి ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేసి, 45 ఏళ్లకు వర్తించే 14తో హెచ్చిస్తే 28,35,000 రూపాయలు వస్తుంది. రెండింతలకు పైనే. అయితే ఈ రెండు దారుల్లో ఏదో ఒకదాన్నే ఎంచుకోవాలని మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ చెబుతోంది. ఒక దారిలో తీసుకున్నాక రెండో దారి మూసుకుపోతుంది.

ఎఫ్ఐఆర్, పోలీసుల ఛార్జిషీటు, ఆ చోటి పటం మీ వకీలుకు చూపించండి. తప్పు లారీదేనని అవి స్పష్టంగా చెబుతుంటే ట్రిబ్యునలే మంచిది. అయితే అక్కడ దరఖాస్తుకు ఆరు నెలల గడువు ఉంది, అంటే 2026 మార్చి దాటనివ్వకండి. మీ వారే అదుపు తప్పారని ఛార్జిషీటులో ఉంటే, తప్పెవరిదో చూడని 1923 చట్టమే మీకు దిక్కు, అక్కడ గడువు రెండేళ్లు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున ఎవరైనా ఇంటికి వచ్చి తక్కువ మొత్తానికి సంతకం అడిగితే, ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

ప్రశ్న: ఆటోనగర్‌లో నాకు చిన్న లేత్ షాపు ఉంది. ఆరుగురు పనివాళ్లు. గ్రైండింగ్ దగ్గర కళ్లద్దాలు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా, ఉక్కపోస్తుందని నుదుటి మీదకు ఎక్కించుకుంటారు. రేపు ఎవరికైనా కన్ను పోతే నేను ఇవ్వాలా? కొత్త చట్టాల్లో ఇరవై మంది లోపు అయితే మనకు సంబంధం లేదని విన్నాను.

జవాబు: ఆ ఇరవై అన్న అంకె ఫ్యాక్టరీ నిర్వచనానికి సంబంధించినది. నాలుగు కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రతా కోడ్ ప్రకారం, కరెంటు వాడే చోట ఇరవై మంది ఉంటేనే ఫ్యాక్టరీ అవుతుంది, పాత చట్టంలో అది పది. పరిహారానికి అలాంటి అంకె ఏదీ లేదు. వస్తువు తయారయ్యే చోట ఒక్కడు పనిచేసినా యజమాని బాధ్యుడే. మీ షాపులో ముప్ఫై ఏళ్ల కుర్రవాడు 15,000 జీతం మీద ఉండి, ఒక కన్ను చూపు పోతే, షెడ్యూలు ప్రకారం 30 శాతం నష్టానికి 5,61,546 రూపాయలు అవుతుంది. చిన్న షాపు పెట్టుబడి అంతా ఎగిరిపోయే మొత్తం ఇది.

కళ్లద్దాల సంగతిలో మీ బాధ అర్థమయింది, కానీ నోటితో చెప్పడం చట్టం దృష్టిలో దాదాపు చెప్పనట్టే. ‘గ్రైండింగ్ దగ్గర అద్దాలు లేకుండా నిలబడరాదు’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించండి, ప్రతి ఒక్కరికీ అద్దాలు ఇచ్చినట్టు పుస్తకంలో సంతకం తీసుకోండి, పెట్టుకోని రోజు మెమో ఇవ్వండి. అప్పుడే బుద్ధిపూర్వక ధిక్కారం అన్న వాదన మీకు మిగులుతుంది. అదీ పాక్షిక వైకల్యానికే. ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా ఆ వాదన పనికిరాదు. అద్దాలు ఎందుకు నుదుటి మీదకు ఎక్కుతున్నాయో కూడా ఒకసారి ఆలోచించండి. మే నెలలో రేకుల షెడ్డు కింద చౌకరకం అద్దాలు పెట్టుకుంటే చెమటకు మసకబారి పని కనిపించదు. గాలి ఆడే రకం అద్దాలు, గ్రైండింగ్ చక్రానికి ముందు పారదర్శకపు గార్డు, ఒక పంకా – ఈ మూడూ కలిపినా ఒక కేసు ఖర్చులో చిన్న భాగమే.

వీటికి తోడు ఉద్యోగుల పరిహార బీమా పాలసీ ఒకటి తీసుకోండి. అందులో మీ ఆరుగురి పేర్లు, నిజమైన జీతాలు రాయించండి. ప్రీమియం తగ్గించుకోవడానికి జీతం తక్కువ చూపిస్తే, ఆ తేడా రేపు మీ జేబులోంచే పోతుంది. ఆలస్యానికి వడ్డీ ఇన్సూరెన్స్ కంపెనీ కట్టాల్సి వస్తుంది గానీ, యజమాని నిర్లక్ష్యానికి వేసే జరిమానా మాత్రం యజమానే కట్టాలని సుప్రీంకోర్టు 1997లో వేద్ ప్రకాశ్ గర్గ్ కేసులో తేల్చింది. అందుచేత ఏదైనా జరిగితే దాచవద్దు. మరణం గానీ, తీవ్ర గాయం గానీ అయితే ఏడు రోజుల్లో కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలపండి. ఒక మాట అదనంగా: పని ఎక్కువై మీరు ఏదైనా పనిని మేస్త్రీకి కాంట్రాక్టుకు ఇచ్చి, వాడి మనిషికి మీ షాపులోనే దెబ్బ తగిలితే, ముందు మీరే కట్టి తరవాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవాలి.

ప్రశ్న: విజయవాడలో ఒక ఆహార సరఫరా యాప్‌కు డెలివరీ చేస్తాను. బైకు జారి కాలు విరిగింది. నేను కంపెనీ ఉద్యోగినా?

జవాబు: ఇప్పటి చట్టం మిమ్మల్ని ఉద్యోగిగా కాక గిగ్ లేదా ప్లాట్‌ఫారం కార్మికుడిగా చూస్తోంది. సామాజిక భద్రతా కోడ్ కింద ఇలాంటి కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించకుండా, ఒక నిధికి ఇవ్వాలి. ప్రమాద బీమా వంటి పథకాలు దాని నుంచే రావాలి. అసంఘటిత కార్మికుల నమోదుకు కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో మీ నమోదు పూర్తి చేసుకోండి. కంపెనీలు విడిగా ఇచ్చే ప్రమాద బీమా ఉంటే, ఆర్డరు మీద ఉండగా జరిగినట్టు చూపే యాప్ స్క్రీను ఫోటో ఈరోజే తీసి దాచుకోండి. రేపు ఆ ఖాతా మూసేస్తే ఆ సాక్ష్యం మీ చేతిలో ఉండదు.

ప్రశ్న: అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ పేలుడులో చనిపోయిన వారికి కోటి రూపాయలు ఇచ్చారు. మా తమ్ముడు చిన్న కంపెనీలో చనిపోతే పన్నెండు లక్షలేనా? ఇదేం న్యాయం?

జవాబు: 2024 ఆగస్టు 21న పదిహేడు మంది ప్రాణాలు తీసిన ఆ పేలుడు తరవాత ప్రభుత్వం ప్రకటించిన కోటి రూపాయలు ఎక్స్‌గ్రేషియా. అది ప్రభుత్వ నిర్ణయం మీద ఆధారపడిన సాయం. దాన్ని హక్కుగా అడగడానికి ఏ చట్టమూ లేదు. మీ తమ్ముడి పన్నెండు లక్షలు హక్కు, ఎవరి దయా అక్కర్లేదు. ఈ రెండింటి మధ్య ఇంత ఎడం ఉండటం నాకూ సబబుగా అనిపించదు. పది మంది ఒక్కసారి పోతే కోటి, ఒక్కడు ఒంటరిగా పోతే లెక్క పుస్తకం తీసి గుణించడం ఏ కోణంలో చూసినా అసమానమే. 15,000 పరిమితిని తీసేస్తే ఈ ఎడంలో కొంత తగ్గేది. అయినా ఒక కొత్త మార్పు మీ దృష్టికి తెస్తాను. భద్రతా నిబంధన ఉల్లంఘన వల్ల మరణం జరిగి యజమానికి జరిమానా పడితే, అందులో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇప్పించవచ్చని వృత్తి భద్రతా కోడ్‌లో ఉంది. ఆ జరిమానా ఐదు లక్షలకు తగ్గకూడదు. మీ తమ్ముడి ప్రమాదం 2025 నవంబరు 21 తరవాతదైతే ప్రాసిక్యూషన్ సంగతి కూడా గట్టిగా అడగండి.

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డులో మా నాన్న ముఠా కూలీ (జట్టుగా సరుకు మోసే హమాలీ). 2025 ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తూ కుప్పకూలి చనిపోయారు. గుండెపోటన్నారు. వయసు 52. ముఠా వారు చందా వేసి ఇచ్చారు. గుండెపోటు ప్రమాదం కాదు కాబట్టి ఏమీ రాదన్నారు కొందరు. అసలు ముఠా కూలీకి యజమాని ఎవరు?

జవాబు: ఈ నెల వచ్చినవాటిలో నాకు చాలా కష్టమనిపించిన ప్రశ్న ఇదే. రెండు ముళ్లు ఉన్నాయి, విడివిడిగా చూద్దాం.

గుండెపోటు ప్రతిసారీ పని ప్రమాదం కాదు. పనికీ, ఆ మరణానికీ సంబంధం ఉందని చూపాలని సుప్రీంకోర్టు 2006లో శకుంతల శ్రేష్ఠి కేసులో చెప్పింది. అయితే పని ఒత్తిడి ఆ మరణాన్ని ముందుకు తెచ్చిందని పరిస్థితులు చెబితే దాన్ని ప్రమాదంగా చూడవచ్చని 2012లో పరమ్‌పాల్ సింగ్ కేసులో, సుదీర్ఘ ప్రయాణంలో ఉన్న ఒక లారీ డ్రైవరు విషయంలో ఒప్పుకుంది. మీ నాన్న మోసింది నలభై కిలోలకు పైబడిన టిక్కీ, అదీ ఏప్రిల్ నడినెత్తిన ఎండలో, మిర్చి ఘాటు నిండిన గాలిలో. ఆ రోజు ఎన్ని టిక్కీలు మోశారో, ఎప్పటి నుంచి మోస్తున్నారో, మధ్యలో నీళ్లు, నీడ దొరికాయో లేదో చెప్పగల ముఠా సభ్యులు ఇద్దరు ముందుకు వస్తే, మీ కేసు 2012 తీర్పు వైపు మొగ్గుతుంది. పోస్టుమార్టం జరగకపోతే కొంచెం కష్టం. అప్పుడు ఆసుపత్రి రికార్డు, ఆ రోజు ఉష్ణోగ్రత వివరం తెచ్చుకోండి.

ఇక యజమాని ఎవరన్నది. సరుకు మార్కెట్లలో సరుకు మోసేవారు ఈ చట్టం పరిధిలో ఉన్నారు. రోజుకూలీ అన్న కారణంతో వారిని ఇప్పుడు తోసేయలేరు. కానీ ముఠా కూలీ ఒకనాడు ఒక కమీషను ఏజెంటుకు, ఇంకోనాడు ఎగుమతి వ్యాపారికి పనిచేస్తాడు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ‘మీ నాన్న యజమాని ఎవరు’ అని కాదు, ‘ఆ క్షణంలో ఆయన భుజం మీద ఉన్న టిక్కీ ఎవరిది, దాని కూలి ఎవరు కట్టాలి’ అని. దీనికి జవాబు ముఠా మేస్త్రి పుస్తకంలో ఉంటుంది. ఆ రోజు ఏ కొట్టుకు ఎన్ని టిక్కీలు దించారో, కూలి ఎవరి ఖాతాలో పడిందో అందులో రాసి ఉంటుంది. సీజను మారితే కొత్త పుస్తకం మొదలవుతుంది, పాతది అటక మీదకో, చిత్తుకాగితాలకో పోతుంది. దరఖాస్తుకు మీకు 2027 ఏప్రిల్ దాకా గడువుంది, ఆ పుస్తకానికి లేదు. ఈ వారమే మేస్త్రి ఇంటికి వెళ్లి, ఏప్రిల్ నెల పేజీలను ఫోనులో ఫోటో తీసుకోండి. మీ నాన్న యార్డు గుర్తింపు కార్డు, ముఠా వారు చందా వేసిన కాగితం కూడా పారేయకండి. అలా చందా వేసుకున్నందువల్ల యజమాని బాధ్యత తీరిపోదు. పైగా ఆయన ఆ ముఠాలో సభ్యుడేననడానికి ఆ కాగితమే సాక్ష్యమవుతుంది.